నిర్ణయించినవారికే సీటు

నాంచారమ్మకు ఇంజనీరింగులో ఎన్ని బ్రాంచీలున్నాయో తెలియదు గాని, ఏ బ్రాంచీలో మనిషి ఎట్లా పోతాడో మాత్రం కంఠతా వచ్చు.

మెకానికల్ అయితే చున్నీ మిషన్లో చిక్కుకుంటుంది. ఎలక్ట్రికల్ అయితే షాకు. ఇది ఊహ కాదు. ఆమె మొగుడు సాంబయ్యకు మోటార్ల వైండింగు షాపుంది, అప్పుడప్పుడు నిక్కబొడిచిన జుట్టుతోనే భోజనానికి వస్తాడు. కెమికల్ అయితే యాసిడ్. మైనింగ్ మాట కూతురు ఎత్తనే లేదు, అయినా ముందుజాగ్రత్తగా దానికీ ఒకసారి ఏడ్చి పెట్టుకుంది. ఇక సివిల్. స్లాబు. ఆ ఒక్క మాట అనుకుంటే చాలు, ఆమె చెయ్యి దానంతట అదే నెత్తిమీదికి వెళ్లేది.

కంప్యూటరు మీద పడి చచ్చినవాణ్ణి మాత్రం ఆమె ఎరగదు.

"మావాడు అదే తీసుకున్నాడు వదినా" అంది పక్కింటి ఝాన్సీ. "ఏసీ గది. తిరిగే కుర్చీ."

"తిరిగే కుర్చీలోంచి పడితేనో?"

"నేలకి జానెడెత్తే గదా. ఏమైద్దీ?"

అంతటితో బ్రాంచి ఖాయమైపోయింది.

చిక్కేమిటంటే కూతురు జోషితకు కావలసింది సరిగ్గా ఆ స్లాబే. వాళ్ల ఊరి కాలవ మీద వంతెనకని లేపిన స్తంభాలు, పైన ఏమీ లేకుండా ఏళ్ల తరబడి నిలబడి ఉన్నాయి. వాటి మీద కొంగలు వాలతాయి, ఎన్నికలప్పుడు రంగులు పడతాయి. ఇంటరు చదువుకు చుట్టూ తిరిగి వెళ్లినన్నాళ్లూ ఆ పిల్ల వాటికేసే చూసింది. ర్యాంకు వచ్చిన రోజున, "సివిల్ చదువుతానమ్మా" అంది.

"చదివి? తట్ట నెత్తిన పెట్టుకుంటావా?"

"తట్ట మోసేవాళ్లు వేరేనే అమ్మా. స్లాబు ఎంత బరువు మోయగలదో లెక్క కట్టేది ఇంజనీరు."

"ఆ లెక్క తప్పితే పడేది ఎవురి మీదే? కింద నిలబడ్డోళ్ల మీదేగా? నువ్వు నిలబడేది యాడ?"

ఈ తర్కానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. జోషిత తండ్రి వైపు చూసింది. సాంబయ్య మెల్లగా, "దాని ఇష్టానికి ఒదిలెయ్యరాదటే" అన్నాడు.

"నువ్వూరుకో. కరెంటు కొట్టీ కొట్టీ నీకు భయం చచ్చిపోయింది."

ఏడో తరగతి దాకా చదివిన మనిషి మాట, ఇంటరులో ఫస్టు వచ్చిన పిల్ల మీద, ఆ ఇంట్లో ఎప్పటిలాగే నెగ్గింది.

ప్రజ్ఞాశిఖర విశ్వవిద్యాలయం హైవే పక్కన పొలాల మధ్య ఉంది. గేటు చూస్తే కోట అనిపిస్తుంది, గేటు దాటితే ఇంకా కడుతున్నారనిపిస్తుంది. కౌన్సెలింగ్ హాల్లో తల్లులు, తండ్రులు, తాతలు, మేనమామలు కిక్కిరిసి కూర్చున్నారు. పిల్లలు కూడా ఉన్నారు, గోడవారగా, నీళ్ల సీసాలు పట్టుకుని.

అడ్మిషన్ల డీన్ ప్రొఫెసర్ హయగ్రీవరావు మైకు ముందుకొచ్చి కళ్లజోడు సవరించుకున్నాడు.

"పూజ్యులైన తల్లిదండ్రులారా, వారి వెంట వచ్చిన పిల్లలారా! గత సంవత్సరం మా సంస్థలో తప్పిన ప్రతి విద్యార్థినీ, 'ఈ బ్రాంచి నీవేల ఎంచుకొంటివి' అని లిఖితపూర్వకంగా ప్రశ్నించితిమి. అందరిదీ ఒకటే సమాధానం: 'ఇంట్లోవాళ్లు తీసుకోమన్నారు.' దీనిపై నియమించిన అధ్యయన సంఘం తేల్చినదేమనగా, నిర్ణయం ఒకరిది, పరీక్ష వేరొకరిది కావడమే సాంకేతిక విద్యలోని మౌలిక లోపం. ఈ లోపమును ఈ ఏడు నుండి సమూలంగా సవరించుచున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. సవరించుచున్నాము అన్నాక కొట్టకపోతే బాగుండదని నాంచారమ్మ కూడా కొట్టింది.

పేరు పిలిచారు. తల్లీకూతుళ్లు డీన్ బల్ల ముందు కూర్చున్నారు.

"బ్రాంచి ఎవరు నిర్ణయించినారు?"

జోషిత నోరు తెరిచింది. ఆ నోట్లోంచి స్లాబు ఊడిపడుతుందని నాంచారమ్మకు తెలుసు. బల్ల కింద కూతురి కాలు తొక్కి, "నేనేనండి. కంప్యూటర్సు" అంది.

"అభ్యర్థిని ప్రమేయం ఎంత?"

"దానికేం తెలుసండీ, చిన్నపిల్ల."

"ప్రమేయం శూన్యం" అని డీన్ రాసుకున్నాడు. "కెమెరా వైపు చూడండమ్మా. కొంగు కొంచెం సర్దుకోండి."

ఆధార్ పనేమో అనుకుని ఆమె చూసింది. కాసేపటికి ప్లాస్టిక్ ఇంకా ఆరని కార్డు ఒకటి చేతికిచ్చారు. దాని మీద ఆమె ఫొటో. కింద: నాంచారమ్మ, బి.టెక్., కంప్యూటర్ సైన్స్, మొదటి సంవత్సరం. జోషితకు ఇచ్చిన కార్డు మీద రాసి ఉన్నది: సంరక్షకురాలు.

"ఇదేందండీ, తిరగబడింది?"

"ఇన్నేళ్లూ తిరగబడి ఉన్నదమ్మా" అన్నాడు డీన్ ప్రసన్నంగా. "నిర్ణయించినవారే విద్యార్థి. ఇప్పుడే సరిగ్గా పడింది."

"పోనీ, మాకొద్దులేండి. మా కాయితాలు మాకిచ్చేయండి."

"ఒరిజినల్సు బీరువాలోకి వెళ్లినవి. బీరువాలోకి వెళ్లినవి కోర్సు పూర్తయ్యాక బయటికి వస్తాయి. నెక్స్ట్!"

తర్వాతివాడు ఒక పెద్దమనిషి. మనవడికి ఎలక్ట్రానిక్స్ కావాలన్నాడు. నిర్ణయించిందెవరని అడిగితే, "నేనేందీ, వాడేందీ, ఏది తీసుకున్నా నలుగురూ ఏమనుకుంటారో చూసుకోవాలిగా" అన్నాడు. డీన్ కలం ఎత్తి, "ఆ నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు?" అన్నాడు. మరుసటి వారం ఆ పెద్దమనిషి వీధిలోని నలుగురు గృహస్థులకు రిజిస్టర్డ్ పోస్టులో అడ్మిషన్లు వచ్చాయి. పేరులో మొదటి అక్షరం చూసి ఐదు కుటుంబాల పిల్లలకు బ్రాంచీలు చెప్పిన జ్యోతిష్కుడొకాయనకు ఐదు సెక్షన్లలోనూ సీటొచ్చింది. ఆయన గంట కొట్టినప్పుడల్లా పంచె ఎగ్గట్టి ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు పరుగెత్తేవాడు. తన హాజరు సంగతి మాత్రం ఏ గ్రహమూ ముందు చెప్పలేదని వాపోయేవాడు.

ఇంటికెళ్లాక సాంబయ్య కార్డు తిరగేసి మరగేసి చూశాడు.

"నీకొచ్చిందా సీటు? ర్యాంకెంత?"

"నవ్వావంటే మోటారు చుట్టే తీగతో ఉరేసుకుంటా."

"నవ్వట్లేదే. కాలేజీలో ఎవురన్నా ఏడిపిస్తే చెప్పు, వస్తా."

తరగతులు మొదలయ్యాయి. నాంచారమ్మ వెనక బెంచీలో కూర్చుంది, ముందు బెంచీకి సరిగ్గా నెత్తినే ఫ్యాను వేలాడుతోంది గనక. అటూ ఇటూ ఒక మేనమామ, ఒక బాబాయి, ఇంటర్ కాలేజీ వైస్ ప్రిన్సిపాలు ఒకాయన. ఆయన ఈ ఏడు తన పిల్లలందరికీ బ్రాంచీలు తనే చెప్పానని గొప్పగా ప్రకటన వేయించుకుని ఇందులో పడ్డాడు. పాఠం చెప్పే కుర్రాడికి మీసాలు సరిగా రాలేదు. అతను బోర్డు నిండా రాసి వెనక్కి తిరిగి, "నాంచారమ్మా, అర్థమైందా?" అన్నాడు.

"అయింది బాబూ. నువ్వు టిఫిన్ తిన్నావా? మొహం పీక్కుపోయింది."

ల్యాబు దగ్గర అసలు కష్టం వచ్చింది. ల్యాబులోకి చెప్పులు విప్పి వెళ్లాలన్నది విశ్వవిద్యాలయం నియమం. వట్టి కాళ్లతో కరెంటు సామాను ముట్టుకోకూడదన్నది సాంబయ్య నియమం, పెళ్లైన కొత్తలో ఆమెకు నేర్పిన మొదటి పాఠం. నాంచారమ్మ గుమ్మం దగ్గరే నిలబడేది. లోపలికి రమ్మంటే, "చెప్పులతో రానిస్తే వస్తా బాబూ, లేకపోతే ఇక్కణ్ణుంచే చూస్తా" అనేది. గుమ్మంలోంచి చూసినదానికి హాజరు వేసే ఏర్పాటు లేదు.

పిల్లలు బయట. వాళ్ల కోసం ఒక రేకుల పందిరి వేసి, 'సంరక్షకుల నిరీక్షణశాల' అని బోర్డు పెట్టారు. ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలంతా అందులో క్యారేజీలు ఒళ్లో పెట్టుకుని, తమ పెద్దవాళ్ల తరగతులు ఎప్పుడు వదులుతారా అని కూర్చునేవాళ్లు.

ఒకనాడు జోషితకు ఫోనులో సందేశం వచ్చింది: మీ వార్డు (నాంచారమ్మ) ప్రవర్తన విషయమై డీన్ గారిని కలవగలరు.

"మీ అమ్మగారి భవిష్యత్తు పట్ల మీకు బాధ్యత ఉన్నదా?" డీన్ బల్ల మీద కలంతో కొడుతూ అడిగాడు. "పాఠం జరుగుతుండగా దీపారాధన వత్తులు చేస్తున్నారు. పక్కవారికి కూడా దూది పంచుతున్నారు. నిన్న సెక్షన్ మొత్తం వత్తులు చేసినది. ఇంట్లో మీరు ఏమీ చెప్పరా?"

"చెప్తే వినదు సార్."

"అందరు సంరక్షకులూ ఇదే అంటారు. పెంపకం సరిగా ఉండాలమ్మా." గొంతు తగ్గించాడు. "ల్యాబు హాజరు శూన్యం. సెమిస్టరు చివరికి ఇలాగే ఉంటే మీ అమ్మగారి సీటు రద్దవుతుంది. సీటు రద్దయితే ఫైలు మూత. ఫైలు మూతపడితే అందులోని మీ ఇంటర్ సర్టిఫికెట్లూ మూతే."

జోషిత ఆ మాట తల్లికి చెప్పలేదు. చెబితే భయపడుతుందని. ఆ పిల్లకు తెలియనిదేమంటే, ఆ సంగతి తరగతిలో అప్పటికే మైకులో చదివారు. నాంచారమ్మ కూడా కూతురికి చెప్పలేదు. చెబితే బెంగ పెట్టుకుంటుందని. ఇద్దరూ బస్సులో పక్కపక్కన కూర్చుని, కిటికీలోంచి పచ్చటి పొలాలు చూస్తూ, పంటలు బాగున్నాయని మాట్లాడుకున్నారు.

మరుసటి రోజు క్లాసు వదిలాక నాంచారమ్మ పందిరి దగ్గరకు వెళ్తే కూతురు లేదు. క్యారేజీ ఉంది, పిల్ల లేదు.

క్షణంలో ఆమె కళ్లముందు హైవే, లారీ, బావి, బైకు మీద వచ్చిన ఇద్దరు ముసుగు మనుషులు వరసగా తిరిగిపోయారు. "జోషీ!" అని అరుస్తూ బ్లాకులన్నీ వెతికింది. చివరికి క్యాంటీన్ వెనక, బస్సులు కడిగే చోటు దాటాక, ఒక పాత షెడ్డులోంచి కూతురి నవ్వు వినిపించింది.

అది సివిల్ విభాగం. నిర్ణయించేవాళ్లెవరూ ఏ ఏడూ సివిల్ నిర్ణయించలేదు గనక అందులో విద్యార్థులు లేరు. విభాగాధిపతి మస్తాన్ వలీ మాస్టారు ఒక్కడే ఉన్నాడు. రోజూ హాజరు పట్టీ తెరిచి, ఖాళీ పేజీ కింద సంతకం పెట్టి మూస్తాడు. పందిట్లో ఊరికే కూర్చున్న పిల్లను చూసి, "కాంక్రీటు కలపటం చూస్తావామ్మా?" అని తీసుకొచ్చాడు. ఇప్పుడు జోషిత జడ ముడేసుకుని, మోచేతుల దాకా సిమెంటుతో, ఒక కాంక్రీటు దిమ్మను యంత్రంలో పెట్టి మర తిప్పుతోంది.

దిమ్మ ఢామ్మని పగిలింది. నాంచారమ్మ కెవ్వున అరిచి నెత్తిమీద చేతులు పెట్టుకుంది.

"భయపడమాకండమ్మా" అన్నాడు మాస్టారు. "ఇది పగలగొట్టటానికే పోశాం. ఇక్కడ పగిలితే, అక్కడ పగలదు."

"చూశావా అమ్మా, ఎంత మోసిందో!" జోషిత మొహమంతా బూడిద రంగు దుమ్ము. ఆ దుమ్ములోంచి కళ్లు మెరుస్తున్నాయి. ఆ పందిట్లో కూర్చున్నప్పుడు ఆ కళ్లు ఎలా ఉంటున్నాయో నాంచారమ్మకు అప్పుడు తట్టింది.

ఆమె భయాలకు ఒక పద్ధతి ఉంది: పెద్ద భయం వస్తే చిన్న భయం లేచి చోటిస్తుంది. స్లాబు ఎప్పుడో, ఎక్కడో పడవచ్చు. ఈ పిల్ల మాత్రం క్యారేజీ ఒళ్లో పెట్టుకుని ఈ పందిట్లోనే ముసలిదైపోతుంది. అది ఇవాళే జరుగుతోంది.

తిన్నగా డీన్ గదికి నడిచింది.

"మా అమ్మాయికి సివిల్ ఇచ్చేయండి."

"ఇది మీ నిర్ణయమా?"

"అవునండి. మనస్ఫూర్తిగా."

"భేష్. బ్రాంచి మార్పునకు అవకాశం ఉన్నది." డీన్ కంప్యూటర్లో ఏదో నొక్కాడు. "రేపటి నుండి మీరు సివిల్ తరగతులకు హాజరు కావచ్చు."

"నేను గాదండీ! అది!"

"ఆమె చదవాలంటే ఆమె నిర్ణయించాలి."

"అది ఎప్పుడో నిర్ణయించుకుంది. నేనూ సరేనంటున్నా."

"అక్కడే ఉన్నది చిక్కు." డీన్ వేలు ఎత్తాడు. "మీరు సరేనంటే అది మీ నిర్ణయమే. తల్లి అంగీకారము గల స్వతంత్ర నిర్ణయం స్వతంత్రమని ఎట్లా రుజువు? మా నిబంధనావళిలో స్వయం నిర్ణయ విభాగం స్పష్టంగా ఉన్నది. ఇంటివారు వ్యతిరేకించాలి. అది లాంఛనప్రాయ వ్యతిరేకత కారాదు, హృదయపూర్వకంగా ఉండాలి. వ్యతిరేకతా నిర్ధారణ సంఘం ముందు వ్యతిరేకించండి. సంఘం తృప్తి పడితే సీటు మీ అమ్మాయిది."

ఆ సంఘం ముందు అంతకుముందు ఒకే ఒక తండ్రి నిలబడ్డాడు. కొడుకు మెకానికల్ చదవడానికి వీల్లేదని బల్ల గుద్ది, చొక్కా చించుకున్నాడు. సంఘం దాదాపు నమ్మింది. బయటికి వెళ్తూ కొడుకు భుజం తట్టాడు. అది కెమెరాకు చిక్కింది. ఇప్పుడాయన మెకానికల్ రెండో బెంచీలో కూర్చుంటున్నాడు.

సంఘం సమావేశం రోజున బస్సులో జోషిత తల్లికి తర్ఫీదు ఇచ్చింది.

"గట్టిగా వద్దనాలమ్మా. నవ్వకూడదు. నా వైపు చూడకూడదు. కళ్లనీళ్లు రాకపోతే కొంగులో ఉల్లిపాయ పెట్టా."

"నాకు నటన రాదే. మొన్న ఝాన్సీ కోడలు చీర బాగుందని చెప్పబోతేనే దొరికిపోయా."

"వస్తదిలే. నా చదువు దీని మీదే ఉంది."

ఆ ఆఖరి మాట విన్నాక నాంచారమ్మ దారి పొడుగునా 'వద్దండి, వద్దండి' అని వల్లె వేసుకుంది.

పొడవాటి బల్ల వెనక డీన్, ఇద్దరు ప్రొఫెసర్లు, కన్నీటి నాణ్యత పరిశీలించడానికి మనస్తత్వశాస్త్రం మేడమ్ ఒకావిడ. మూలన మస్తాన్ వలీ మాస్టారు హాజరు పట్టీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"అభ్యర్థిని సివిల్ చదువుటకు మీ అభిప్రాయం?"

"వద్దండి" అంది నాంచారమ్మ.

"కారణం?"

"ఎండ గదండీ... నల్లబడిద్ది."

మేడమ్ పెదవి విరిచింది. "లాంఛనంగా ఉంది సార్."

నాంచారమ్మ కొంగులో ఉల్లిపాయ కోసం తడుముకుంది. అది బస్సులోనే ఎక్కడో జారిపోయింది.

డీన్ నిట్టూర్చి, నియమం ప్రకారం కోర్సు వివరాలు చదివాడు. "మూడవ సంవత్సరమున అభ్యర్థిని ఆనకట్ట నిర్మాణ స్థలమున శిక్షణ పొందవలెను. సొరంగమున ప్రత్యక్ష పరిశీలన. నాలుగవ సంవత్సరమున, బహుళ అంతస్తుల భవనం ఇరవయ్యవ అంతస్తుపై, గోడలు లేని స్లాబు అంచున..."

"అంచునా?" అంది నాంచారమ్మ.

"అంచున నిలబడి కొలతలు తీయవలెను."

"గోడ లేదా?"

"ఇంకా కట్టలేదు గదమ్మా."

ఆ తర్వాత నాంచారమ్మకు ఎవరు ఎవరో తెలియలేదు.

"కట్టలేదా! గోడ కట్టకుండా నా పిల్లని అంత ఎత్తున నిలబెడతారా? నీ పిల్లని నిలబెడతావా? కాలు జారితే ఎవురు పట్టుకుంటారు, నువ్వా? అది మేడ మెట్లు దిగేటప్పుడు కూడా నేను వెనకమాల నిలబడతా, తెలుసా నీకు? దాన్ని ఎట్టా పెంచానో తెలుసా? ఒద్దు! సివిలూ ఒద్దు, సీటూ ఒద్దు, ఆ కాయితాలు మీ బీరువాలోనే తగలెట్టుకోండి!" బల్ల మీది నీళ్ల గ్లాసు దొర్లింది. ఆమె కూతురి రెక్క పట్టుకుంది. "పదవే. చదవకపోతే చచ్చిపోరు. ఇంటికి పోదాం పద!"

మేడమ్ కాగితం రుమాలుతో తన కళ్లు తుడుచుకుంటోంది.

డీన్ గొంతు సవరించుకున్నాడు. "అభ్యర్థినీ, దీనిపై మీ నిర్ణయం?"

జోషిత తల్లి మొహం చూసింది. బస్సులో అనుకున్నట్టు కాదు, ఇంకేదో అయింది ఆ మొహానికి. తల్లి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, తన రెక్క విడిపించుకుంది.

"సివిలే చదువుతా సార్."

"నిర్ధారించడమైనది!" డీన్ లేచి నిలబడ్డాడు. "సంస్థ చరిత్రలో ప్రప్రథమ స్వతంత్ర నిర్ణయం! నాంచారమ్మగారూ, ఇక మీకు ఈ నిర్ణయముతో ఎట్టి సంబంధమూ లేదు. కార్డు ఇచ్చివేయండి. ఒక్క షరతు: వ్యతిరేకతను ప్రతి సెమిస్టరూ నవీకరించుకోవలెను. ఎన్నడైనా మీరు మెత్తబడినట్లు సంస్థ దృష్టికి వచ్చినచో సీటు తిరిగి మీకే సంక్రమించును."

మూలన మస్తాన్ వలీ మాస్టారు హాజరు పట్టీ తెరిచి, గోడకు ఆనించుకుని, ఒక పేరు రాసుకున్నాడు.

బయటికి వచ్చాక జోషిత నవ్వు ఆపుకోలేకపోయింది. "అబ్బబ్బ, ఏం చేశావే అమ్మా! నటన రాదన్నావు, డీన్‌నే నువ్వూ నువ్వూ అనేశావు! ఇంక చాల్లే, అయిపోయింది, కళ్లు తుడుచుకో."

నాంచారమ్మ తుడుచుకోలేదు. మెట్ల మీద కూర్చుండిపోయింది.

"నటించానని నీకెవురు చెప్పారే?"

జోషిత నవ్వు ఆగింది. మెట్టు మీద తల్లి పక్కన కూర్చుంది. "అయినా చదువుతానమ్మా" అంది నెమ్మదిగా.

"చదువు." నాంచారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని చుట్టూ చూసింది. గోడ మీద కెమెరా ఒకటి వాళ్ల వైపే తిరిగి ఉంది. చప్పున గొంతు పెంచింది. "చదవడానికి వీల్లేదంటే వీల్లేదు!" వెంటనే గొంతు తగ్గించింది. "ఏందే అట్టా చూస్తావ్? లే, క్లాసుకి టైమవుద్ది. నాలుగేళ్లూ ఇట్టాగే తిడతా, పడు. ఒక్క రోజు మెత్తబడ్డానంటే ఆ స్లాబు అంచున నిలబెట్టేది నన్నే!"